స్తంభాలు చూసి నడిచే మనిషి

నల్గొండ నుంచి వచ్చి మేం దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికున్న ఇంటి ఓనరుగారు ఏ సందులోకి తిరిగినా ముందు తలెత్తి కరెంటు స్తంభాలు చూసేవారు. గుంటూరు వైపు మనిషి. ఒకప్పుడు పొలాల మీద మందు చల్లే విమానాలు నడిపి, తర్వాత కుర్రాళ్లకు నేర్పారట. "పైనుంచి తీగ కనపడదమ్మా. స్తంభముంటే తీగ ఉన్నట్టే. అందుకే ఎగిరే ముందు చేను చుట్టూ నడిచి రావాలి" అనేవారు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు, ఊరేగింపులోంచి ఒకతను జెండా కట్టడానికి మా గేటు ముందు స్తంభం ఎక్కబోయాడు. ఓనరుగారు చేతికర్ర ఊపుతూ "ఎక్కొద్దు!" అని అరిచారు.

"మా జెండా జూస్తే గంత మంటేంది మీ ఆంధ్రోళ్లకు?" అంటూ అతను మీదికొచ్చాడు. కొడతాడేమోనని నాకు భయమేసింది.

"జెండాకేం బాబూ, పైన తీగుంది. మా డాబా మీద కట్టుకోండి, అక్కడ తీగల్లేవు."

కట్టారు. సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ అడిగాను: "గంతగనం ఎందుకు ఒర్రిండ్రు అంకుల్?"

ఆయన జెండా వైపే చూస్తున్నారు.

"నా దగ్గర నేర్చుకుంటూ ఒక కుర్రాడు విమానం తీగకు తగిలి పోయాడమ్మా. ఆ పొద్దున చేను చుట్టూ నడిచొచ్చానన్నాడు. బూట్లకు బురద లేదు. చూసి కూడా ఎగరనిచ్చాను."