అట్ట బండల కింద హీరో

అది చెత్త సినిమా. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. హీరో వెండి రంగు ప్యాంటు వేసుకుని, మెడకు ఎర్ర రుమాలు కట్టుకుని, రాకెట్‌లో ఏదో పేరు తెలియని లోకానికి పోతాడు. అక్కడ ఆకాశం వంకాయ రంగులో ఉంటుంది. రాణిగారి కిరీటంలో బుల్లి బుల్లి బల్బులు వెలిగి ఆరుతుంటాయి. రాక్షసుడి ముఖానికి పూసిన పచ్చరంగు పాట సగంలో చెమటకు కారి మెడ దాకా వస్తుంది. ఇనుప మనుషులని చెప్పి, రేకు డబ్బాలు తొడుక్కున్న వాళ్ళని నడిపించారు. అందులో ఒకడి కాళ్ళకు హవాయి చెప్పులు కూడా కనిపిస్తాయి. ఇదంతా తెలిసీ నేను ఆ సినిమాకి మళ్ళీ మళ్ళీ పోయాను. తీసుకుపోయింది మా అత్త.

పెళ్ళయి బూదికోట నుంచి చాంపియన్ రీఫ్స్‌కి వచ్చిన కొత్త. బంగారు గనులు సర్కారు చేతికొచ్చి ఏళ్ళయినా, మా లైను ఇళ్ళలో అందరూ ఇంకా కంపెనీ అనే అనేవాళ్ళు. మా ఆయనది కింద పని. కింద అంటే భూమి లోపల, నా ఊహకు అందనంత లోతున. నేనేమో మా నాన్న పొలంలో బావి తవ్విస్తే తొంగి చూడ్డానికే వణికిన దాన్ని. ఆయన అన్నం క్యారియరు పట్టుకుని షిఫ్టుకు పోయిన దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేదాన్ని. పొయ్యి మీద చారు వదిలేసి వీధిలోకి పోయి, గనిలోకి దిగే షాఫ్టు మీది పెద్ద చక్రం తిరుగుతోందా లేదా అని చూసేదాన్ని. చక్రం తిరుగుతోందంటే మనుషుల్ని ఎక్కించి దించే కేజ్ నడుస్తోందని అర్థం. అది ఆగితే నా గుండె ఆగేది. పక్కింటి వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మా అత్త మాత్రం నవ్వేది కాదు. మా మామను నేను చూడలేదు. కింద బండ పేలి మీద పడి పోయాడని తెలుసు, అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు. ఒక మధ్యాహ్నం నేను మళ్ళీ చీపురు అందుకోగానే, ఆమె దాన్ని లాక్కుని మూల పడేసింది.

"ఏం మే, ఆ నేల అరిగిపోతాది. పద, సినిమాకి పోదాం."

"ఆయన కింద ఉండాడు కదత్తా! నాకి సినిమా యాడ ఎక్కుతాది?"

"కింద ఉండాడనే పిలస్తా ఉండాను. నువ్వు ఇంట్లో గింగిరాలు తిరిగితే వాడు తొందరగా పైకొస్తాడా?"

సినిమా తమిళం. నాకు అప్పటికి సగమే అర్థమయ్యేది. ఆ సినిమాకు సగం కూడా ఎక్కువే. అసలు సంగతంతా ఇంటర్వెల్ తరవాత ఉంది. రాక్షసుడు హీరోని గుహలోకి తోసి, కొండను కూల్చేస్తాడు. బండలు దొర్లి పడతాయి. ఒక బండైతే హీరో భుజం మీద పడి బంతిలా ఎగిరి, ఇనుప మనిషి ఒళ్ళోకి పోయింది. ఇంకేముంది, హాలంతా ఒకటే గోల! రోజూ నిజం బండల కింద బతికే మగవాళ్ళు, ఆ అట్ట బండల్ని చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "దూలాలు ఆనించండ్రప్పా, కప్పు పడతా ఉండాది!" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు. కింద ఆయన పని అదేనట. నేనూ పొట్ట పట్టుకున్నాను.

పక్కకు చూస్తే మా అత్త నవ్వడం లేదు. సీటు అంచుకు జరిగి, కొంగు రెండు చేతులతో పిసుకుతోంది. తెర మీద దుమ్ము అణిగింది. హీరో లేచి, భుజం దులుపుకుని, బయటికి నడిచొచ్చాడు. క్రాపు కూడా చెదరలేదు. అప్పుడుగానీ ఆమె వెనక్కి ఆనుకోలేదు.

"చూసినావా? కొండంతా మీద పడినా యెట్ల వచ్చినాడో!"

"అవి అట్ట బండలత్తా!"

"నాకి తెలీదా మే? అట్టవి కాబట్టే చూస్తా ఉండేది."

తరవాత ఆమె ఎప్పుడు రమ్మన్నా నేను కాదనలేదు. ఇంటర్వెల్‌లో పరుగున బయటికి పోయి చక్రాన్ని చూసి వచ్చేదాన్ని, అది నిజం. కానీ ఆ వంకాయ రంగు ఆకాశం కింద, ఎవరి మీద ఏది పడినా లేచి వస్తారని తెలిసిన ఆ కాసేపు, నా ప్రాణం కుదుటపడేది. ఎంత బాగుండేదో చెప్పలేను.

అలా పోయిన ఒక రోజు, కొండ కూలే చోట, నా కాళ్ళ కింద నేల అదిరింది. సీట్లు గడగడలాడాయి. పైకప్పు నుంచి సున్నం రాలి నా తల మీద పడింది. అప్పటిదాకా ఇంట్లో గిన్నెలు గలగలమనే చిన్న అదురులే నాకు తెలుసు. ఇదేదో హాలు వాళ్ళు కొత్తగా పెట్టిన మాయ అనుకున్నాను. చప్పట్లు కొట్టి, "అబ్బా, ఈసారి భలే పెట్టినారత్తా!" అన్నాను.

హాలు మొత్తంలో నవ్వుతున్నది నేనొక్కదాన్నే. ఆడవాళ్ళంతా అప్పటికే లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. ఎవరూ చెప్పకుండానే ఆపరేటర్ బొమ్మ ఆపేసి లైట్లు వేశాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఊరికి అది అలవాటు. మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఏర్ బ్లాస్ట్ మే. కింద బండ పేలింది. నడు."

షాఫ్టు దగ్గరికి పోయేసరికి కంచె పొడుగునా జనం. చక్రం ఆగి ఉంది. నేను కంచె వెంబడి అటూ ఇటూ తిరిగాను. వాచ్‌మన్‌తో పోట్లాడాను. "లోపల ఎవరెవరున్నారో చెప్పేదానికి నీకేం రోగం?" అన్నాను. పాపం, అతనికీ తెలియదు. మా అత్త మాత్రం మా ఇళ్ళ వెనక లైనులో ఉండే ఒక చిన్నదాని పక్కన నేల మీద చతికిలపడింది. ఆ పిల్ల నిండు చూలాలు. దాని మొగుడూ అదే షిఫ్టు. అత్త దాని వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది.

చాలాసేపటికి చక్రం కదిలింది. కొందరు వచ్చారు. మళ్ళీ కదిలింది. ఇంకొందరు. మూడో విడతలో ఒళ్ళంతా బూడిద కొట్టుకుపోయి మా ఆయన దిగాడు. నేను పోయి ఆయన గుండెల మీద రెండు చేతులా కొట్టాను. "రేపట్నుంచి పోతే కాళ్ళు ఇరగ్గొడతాను!" అని భోరున ఏడ్చాను. ఆయన నవ్వబోయి, నవ్వలేకపోయాడు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, అత్త దగ్గరికి లాక్కొచ్చాను.

"నడత్తా, ఇంటికి పోదాం."

ఆమె కొడుకును కింది నుంచి పైదాకా చూసింది. "బాగుండావా అప్పా?"

"బాగుండానమ్మా."

"సరే, పో. పోయి నీళ్ళు పోసుకో." లేవలేదు. చెయ్యి ఆ పిల్ల వీపు మీదే ఉంది.

నాకు చిర్రెత్తింది. "ఇంగేముండాదత్తా? వచ్చినాడు కదా!"

ఆమె నన్ను కిందికి వంగమని సైగ చేసి, ఆ పిల్లకు వినబడకుండా నా చెవిలో చెప్పింది. "మీ మామ రాని పొద్దు నా పక్కన ఇట్లనే శానామంది కూసోనుండిరి. వాళ్ళ వాళ్ళు రాంగానే ఒక్కొక్కరే లేసి పోయినారు. కడాకి నేనొక్కదాన్నే మిగిలినాను."

నేను మా ఆయన చెయ్యి వదిలేశాను. ఆ పిల్లకు రెండో పక్కన కూర్చున్నాను. ఆయనా వచ్చి మా వెనక నిలబడ్డాడు. పొద్దుగూకే వేళకి దాని మొగుడు చెయ్యి విరిగి, ప్రాణాలతో పైకొచ్చాడు. అప్పటిదాకా మా ముగ్గురిలో ఒక్కరం కూడా అక్కణ్ణించి కదల్లేదు.