బొగ్గు కుప్ప కింద విమానం

నా బరువు నలభై ఎనిమిది కిలోలు. మొన్న దవాఖానలో కాంపౌండరు నన్ను తూచి, యంత్రం పాడయిందనుకుని దాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని, మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అంతే వచ్చింది. చొక్కా విప్పనా అంటే వద్దన్నాడు, విప్పితే ఏమీ మిగలదని భయమేమో. ఆయనకు చెప్పలేదు గానీ, ఆ నలభై ఎనిమిదిలో కూడా కిలోన్నర నాది కాదు. పన్నెండేళ్ళుగా లోపల మోస్తున్న ఒక విమానానిది.

మీరు నవ్వి ఉంటే నా అలవాటు పనిచేసిందన్న మాట. ముందు నవ్విస్తాను. నవ్వే మనిషి నిలదీయడు. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి ఒంటబట్టిన చదువు అదొక్కటే. ఈసారి మాత్రం మీరు నిలదీయాలి. ఇదే సంగతి రేపు కొందరి ముందు నోటితో చెప్పవలసి ఉంది. మధ్యలో నవ్వు జొరబడకుండా చెప్పగలనా లేదా అని ముందు కాగితం మీద మీతో చెప్పి చూసుకుంటున్నాను. పేరు రాయడం లేదు. అది పిరికితనం అంటారా? అనండి.

గోదావరిఖనిలో మా గని ల్యాంపు రూములో నా పని. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం ఇస్తాం. దీపానికి ఒక నంబరు, మనిషి దగ్గర అదే నంబరున్న ఇత్తడి బిళ్ళ. దీపం తీసుకున్నవాడు బిళ్ళను కొక్కేనికి తగిలించి దిగుతాడు. పైకొచ్చి దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కొక్కేనికి బిళ్ళ మిగిలి ఉంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం. అప్పుడు నేను కేక వెయ్యాలి. వెతికేవాళ్ళు దిగాలి. చూశారా, నాకు అప్పజెప్పిన పనేమిటో? తిరిగిరానిదాని సంగతి అందరికన్నా ముందు చెప్పడం.

ఆ రూములోనే శామ్యూలన్న ఎలక్ట్రీషియను. దీపాల బ్యాటరీలు, తీగలు బాగుచేసేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. మాట తక్కువ. నేను జోకు వేస్తే గట్టిగా నవ్వడు, కింది పెదవి కొరుక్కుంటాడు. ఆ పెదవి కోసమే నేను సగం జోకులు వేసేవాణ్ణి.

అరవైల్లో మాకు అండర్ మేనేజరుగా ఒక బెంగాలీ సాబు వచ్చాడు. కలకత్తాలో ఉన్నప్పుడు చిన్న చిన్న విమానాలు ఎగరేసేవాడట. ఆయన దగ్గర ఒక రేడియో ఉండేది. పాటల రేడియో కాదు. మీట ఉన్న పెట్టె ఒకటి మనిషి చేతిలో, సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి విమానం కడుపులో. కింద మీట నొక్కితే పైన తోక కదిలి విమానం మళ్ళుతుంది. సాబుకు తీరిక లేదు. శామ్యూలన్నకు మనసయింది. విమానం నువ్వు చేసుకో, రేడియో, ఇంజను నేనిస్తాను, అడిగిననాడు తిరిగివ్వు అన్నాడు సాబు.

ఏడాదిన్నర పట్టింది. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తెప్పించి, బ్లేడుతో కోసి, పుల్లపుల్లగా అతికించాడు. రెక్కలకు పతంగుల కాగితం అంటించి వార్నీషు పూశాడు. ఇంజనుకు కిరసనాయిలు, ఆముదం, దవాఖానలో మత్తుకిచ్చే ఈథరు కలిపి పోసేవాడు. ఆ వాసన ఒకసారి ముక్కుకెక్కితే పోదు. రెక్క మీద పసుపు రంగుతో తన దీపం నంబరే రాసుకున్నాడు. 417.

నాకెందుకు మండింది? ఆయన నన్నేమన్నాడు? ఏమీ అనలేదు. కాకపోతే షిఫ్టుకు ముందు గేటు దగ్గర నా చుట్టూ మూగే జనం మెల్లగా ల్యాంపు రూము కిటికీ దగ్గరికి జరిగారు, రెక్క ఎంతవరకు వచ్చిందో చూడడానికి. పదిమందిని నిలబెట్టుకోవడానికి నాకు గంటసేపు నోరు నొయ్యాలి. ఆయన తలెత్తకుండా నిలబెట్టుకున్నాడు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలా వెతికాను. లేదు.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, కాలనీ వెనకాల మైదానంలో ఎగరేశాడు. కాలనీ అంతా వచ్చింది. వేలితో పంకా తిప్పగానే ఇంజను కందిరీగల తుట్టె కదిలినట్టు మోగింది. లేచింది. నిజంగా లేచింది. శామ్యూలన్న మీట నొక్కితే మళ్ళింది, మళ్ళీ నొక్కితే మా నెత్తి మీదుగా తిరిగి వచ్చింది. ఆడవాళ్ళు ఎండకు కళ్ళ మీద చేతులు అడ్డం పెట్టుకుని పైకి చూశారు. నేను కూడా నోరు తెరుచుకునే చూశాను. ఆ రెండు నిమిషాలు నాకు జోకు తోచలేదు. మూడోసారి నొక్కితే మళ్ళలేదు. ముక్కు తిన్నగా పెట్టుకుని గోదావరి వైపు పోయింది. చిన్నదైంది, చుక్కైంది, చప్పుడు కూడా పోయింది. ఆయన ఇంకా మీట నొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు తోచింది నాకు. మంచిర్యాలలో బండికి వేళయినట్టుంది, అందుకే ఉరుకుతున్నదన్నాను. మైదానమంతా విరగబడి నవ్వింది. ఆయన పెదవి కొరుక్కోలేదు.

మర్నాడు నాకు రెండో షిఫ్టు. పొద్దున్నే కల్లు కోసం ఏటి వైపు చేలల్లోకి పోయాను. కోసేసిన జొన్న చేనులో, కొయ్యకాళ్ళ మధ్య అది కూర్చుని ఉంది. కొంగ వాలినట్టు. ఇంజనులో నూనె అయిపోయి, దానంతటదే మెల్లగా దిగింది. ఒక చక్రం వంగింది, అంతే. చుట్టూ ఎవరూ లేరు. దాన్ని గొంగడిలో చుట్టి ఇంటికి తెచ్చి, బొగ్గు పోసుకునే కొట్టంలో దాచాను.

దొంగతనం అనుకోలేదు. ఒక్క రోజు, అనుకున్నాను. ఒక్క రోజు నవ్వుకుని ఇచ్చేద్దామని. కానీ ఆ రోజు గేటు దగ్గర విమానాన్ని గోదావరిలో కూల్చి, చేపల చేత డ్యూటీ చేయించాను. జనం పొట్టలు పట్టుకున్నారు. రెండో రోజు గేదె వీపు మీద కూల్చాను. మూడో రోజు కల్లు కుండలో. రోజుకో చోట కూల్చేవాణ్ణి. జనం మళ్ళీ నా చుట్టూ మూగారు. విమానం దొరికితే కథ ఆగిపోతుంది కదా. అందుకని దొరకనివ్వలేదు. ఇది రాస్తుంటే నా చెయ్యి నాకే రోతగా ఉంది, అయినా ఇంతకంటే మెత్తగా రాస్తే అబద్ధమవుతుంది.

శామ్యూలన్న రేకు ముక్కను గుండ్రంగా కత్తిరించి, దాని మీద 417 అని మేకుతో పొడిచి, చివరి కొక్కేనికి తగిలించాడు. ఎందుకన్నా అని అడిగాను. మనిషి రాకుంటే బిళ్ళ తియ్యం కదా, దొరికేదాకా ఉండనీ అన్నాడు. అప్పటినుంచి రోజూ షిఫ్టు దిగగానే టిఫిను డబ్బా చేతిలో పట్టుకుని చేల వెంట నడిచేవాడు. గొర్లకాపరులను అడిగేవాడు, కల్లుగీసేవాళ్ళను అడిగేవాడు. నేను రోజూ ఆ కొక్కేలన్నీ లెక్క చూసేవాణ్ణి. చివరి కొక్కెం దగ్గరికి వచ్చేసరికి తల తిప్పుకునేవాణ్ణి.

మూడు వారాలు గడిచాయి. సాబుకు బదిలీ అయింది. రేడియో అడిగాడు. శామ్యూలన్న మీట పెట్టె ఇచ్చాడు, రెండోది విమానంలో పోయిందన్నాడు. సాబు నమ్మలేదు. ఎవడికో అమ్ముకుని ఉంటావన్నాడు. దొరికితే తెస్తాను, నాలుగు రోజులు ఆగమని బతిమాలాడు శామ్యూలన్న.

ఆ నాలుగు రోజుల్లో ఏ ఒక్క రోజైనా నేను గొంగడి విప్పి, ఇదుగో అన్నా, ఇప్పుడే చేనులో కనబడింది అని ఉండవచ్చు. ఒక్క అబద్ధంతో పోయేది. ఎందుకు అనలేదు? రెక్కల కాగితం నిండా బొగ్గు మరకలు. చేనులో దొరికినదానికి బొగ్గు ఎట్లా అంటిందిరా అని ఎవడో ఒకడు అడుగుతాడు. నవ్వు నా మీదికి తిరుగుతుంది. నేనందరినీ నవ్వించేవాణ్ణే గానీ, నన్ను చూసి నవ్వితే ఓర్చుకునేవాణ్ణి కాదు. ఒక మనిషి పరువుకూ నా మీద పడబోయే నవ్వుకూ మధ్య నేను నన్నే కాపాడుకున్నాను.

మా కాలనీలో పొద్దుగూకే ముందు ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుప్ప పోసి అంటిస్తారు. పచ్చి పొగ పోయాక నీళ్ళు చల్లి ఆర్పి, ఆ బొగ్గుతో వంట చేసుకుంటారు. ఆ వేళకు వీధంతా పొగ, ఎదుటి మనిషి కనబడడు. నేను విమానాన్ని విరిచి, అడుగున పెట్టి, మీద బొగ్గు పోసి అంటించాను. విరుస్తుంటే పొణికి కర్ర చప్పుడు కూడా చెయ్యలేదు. అంత తేలిక. కడుపులోని పెట్టె కూడా అందులోనే.

మంట అందుకుంటుండగా పొగలోంచి శామ్యూలన్న వచ్చాడు. చేల నుంచి తిరిగి ఇంటికి పోతున్నాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. నా కుప్ప దగ్గర ఆగాడు.

"వార్నీషు వాసనొస్తున్నదేంది తమ్మీ?" అన్నాడు.

"మా ఇంటామె కూర వండుతున్నదన్నా. గట్లనే ఉంటది," అన్నాను.

ఆయన పెదవి కొరుక్కున్నాడు. మూడు వారాల్లో మొదటిసారి. చలికి చేతులు రెండూ చాచి కాసేపు ఆ మంట దగ్గరే కాచుకున్నాడు. నేను కట్టెతో కుప్పను సర్దుతూ, పసుపు రంగు ఎక్కడైనా కనబడుతుందేమోనని చూస్తున్నాను. ఆ నిలబడ్డ మనిషిని తలుచుకుంటే ఈరోజుకీ తింటున్న కంచం పక్కకు నెట్టేస్తాను. ఆముదం వాసన తగిలినా అంతే. పశ్చాత్తాపమేమో అనుకుని కొన్నాళ్ళు గొప్పపడ్డాను కూడా. కాదు. నా కంపు నాకే తగులుతున్నది.

పెట్టె దొరకలేదు. సాబు పోతూ పోతూ, ఇంత చిన్న సామానుకు నమ్మకం లేనివాణ్ణి ల్యాంపు రూములో ఉంచవద్దని పైవాళ్ళకు చెప్పిపోయాడు. శామ్యూలన్నను గనిలోపల నీళ్ళు తోడే పంపు మీదికి దించారు. ఆయన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టారు. ఇంకా వినండి. గేటు దగ్గర జనం నా మొహం చూశారు, దీని మీద ఏమంటాడోనని. నేనన్నాను. విమానం పోయింది గానీ రేడియో మాత్రం ఎవరింట్లోనో పాటలు పాడుతున్నదట, అన్నాను. అప్పటిదాకా అది సాబు అనుమానం. నా నోటి నుంచి వచ్చాక ఊరికి ఖాయమైంది. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఆయన్ను రేడియో శామ్యూలు అన్నారు. చర్చిలో కానుక పళ్ళెం పట్టుకుని తిరిగే పని కూడా ఆయనకు ఇవ్వడం మానేశారని విన్నాను.

పన్నెండేళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. మళ్ళీ విమానం చెయ్యలేదు. నేను ఆయనకు రోజూ దీపం ఇచ్చాను, బిళ్ళ చూశాను, నమస్తే అన్నా అన్నాను. నా కథ కూడా మానలేదు. కొత్త మజ్దూర్లు వచ్చినప్పుడల్లా అడిగేవాళ్ళు, నేను మళ్ళీ ఎక్కడో ఒకచోట కూల్చేవాణ్ణి.

పోయిన వారం ల్యాంపు రూముకు సున్నం వేస్తూ పాత కొక్కేలు పీకారు. చివరి కొక్కెం వెనకాలికి ఎప్పుడో జారి తుప్పు పట్టిన రేకు బిళ్ళ నా చేతికొచ్చింది. వేలితో తడిమితే 417 తగిలింది. జేబులో వేసుకుని తిన్నగా శామ్యూలన్న క్వార్టరుకు పోయాను. వేడినీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పాదాలు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బిళ్ళ ఆయన చేతిలో పెట్టి, మీకు చెప్పినట్టే మొత్తం చెప్పాను. చేను, గొంగడి, కుప్ప, కూర. ఎక్కడా ఆపలేదు ఆయన.

చాలాసేపు బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు.

"ఇరిగిందా?" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"నీకు దొరికిననాడు, తమ్మీ. రెక్క ఇరిగి ఉండెనా?"

"లేదన్నా. ఒక్క చక్రం వంగింది. గంతే."

"గట్లయితే దిగింది," అన్నాడు, నాతో కాదు.

అప్పుడు తెలిసింది నాకు. తాను వేసిన ఏదో అతుకు ఊడి, ఎక్కడో ముక్కలై ఉంటుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. దొంగ అన్న మాటతో పాటు చేతకానివాణ్ణన్న మాట కూడా మోశాడు. రెండోది ఊరు అన్నది కాదు, తనను తానే అనుకున్నది. దాన్నయితే నేను లెక్కలోకే తీసుకోలేదు.

ఏమన్నా అంటాడని నిలబడ్డాను. తిడితే బాగుండును. పాడు అలవాటు, నా నోట్లోంచి జోకే వచ్చింది. చెప్పుతో కొట్టన్నా, ఈ ఒంటికి తగలాలంటే గురి చూసి కొట్టాలె, అన్నాను. ఆయన పెదవి కదలలేదు. కాళ్ళు బకెట్టులోంచి తీసి, తువ్వాలతో మెల్లగా తుడుచుకుని, బిళ్ళ తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"పన్నెండేండ్ల సంది నా విమానాన్ని గేటు కాడ కూలగొడుతనే ఉన్నవు," అన్నాడు. "పో. గా గేటు కాడనే దించు."