కంద అంటే కందగడ్డ కాదట

మొన్న శివరాత్రి ముందు కరీంనగర్ అంగడిలో కందగడ్డలు ఏరుకుంటుంటే, గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా కోడలు వాటినే చూపించి చిలగడదుంపలు బాగున్నాయి అత్తయ్యా అనేసరికి, ఇన్నేళ్లు గడిచినా నాకు ఆ పరీక్ష గదే గుర్తొచ్చింది. తెలుగు మీడియంలో చదివి మెడిసిన్ ఎంట్రెన్స్ రాసిన మా తరంవాళ్లకు నా బాధ తెలుస్తుంది.

ఖానాపూర్ దగ్గర మా మెట్ట చెలకలో బాపు ఏటా కందగడ్డ వేసేవాడు. తవ్వే రోజు అవ్వ పక్కన కూర్చుని, తీగ కిందికి చేయి పోనిచ్చి గడ్డను తెగకుండా పైకి తీసేదాన్ని గనుక, అది లావెక్కిన వేరని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పుస్తకంలో మాత్రం చిలగడదుంప వేరు అనీ, కంద కాండమనీ ఉండేది. చిలగడదుంప కోస్తాలో పండే ఏదో కూర అనుకుని వదిలేశాను. కంద అంటే మా కందగడ్డే అనుకుని, కాండమన్నది అచ్చుతప్పని పెన్నుతో కొట్టేసి, పక్కన వేరు అని దిద్దాను. ఎంత పొగరో చూడండి!

పరీక్షలో కంద వేరా, కాండమా అన్న ప్రశ్నే వచ్చింది. తలుపులు మూసిన గదిలో, పుస్తకం ఒక మాట, నా చేతులు ఒక మాట చెబుతుంటే, ఎవరినీ అడిగే వీలులేక, మా ఊళ్లో ఇలా ఉంటుందని రాయడానికి చోటు లేక, జవాబు కాగితం మీది నాలుగు సున్నాల మధ్య ఊపిరాడకుండా కూర్చుని, చివరికి వేరు అన్న సున్నానే నింపాను. ఒక్క మార్కుతో సీటు పోయింది. కంద అంటే కోస్తావాళ్లు పులుసు పెట్టుకునే వేరే దుంప అని ఆ తర్వాత మా బాటనీ సారు చెబితే, ఇంటికి వచ్చి ఏడ్చాను.

"తప్పంటే ఒప్పుకుంట బిడ్డా. గని నీకు గడ్డ తెల్వదని ఎట్ల అంటరు?" అన్నాడు బాపు.

మళ్లీ రాస్తానంటే, పెళ్లీడు దాటిపోతుందని మేనమామలు ఒప్పుకోలేదు. డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బాటనీ చెప్పడానికి కుదిరి, ఏ పరీక్ష నన్ను బయటికి నెట్టిందో దానిలోనే రిటైరయ్యేదాకా ఇరుక్కుపోయాను.

ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు పేర్లతో చదువుతారు, నాలా మోసపోరు. గడ్డను తీగతో చూడనివాళ్లే ఎక్కువ, అయినా డాక్టర్లవుతారు, మంచి డాక్టర్లే అవుతారు. నేను మానేసే ఏడాది, చెన్నూరు నుంచి వచ్చిన ఒక రైతుబిడ్డ పాఠం మధ్యలో లేచి, "మా చేన్ల గిట్లుండది మేడం" అంది. "చేను సంగతి మరిచిపో, పుస్తకంలో ఉన్నదే పెట్టు" అని కసిరాను. ఆ పిల్ల కూర్చుంది, ఆ ఏడాదంతా మళ్లీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. సీటు మాత్రం వచ్చింది.