నైరుతి మూల పిచ్చుక

విజయనగరంలో మేం అద్దెకుంటున్న ఫ్లాటులో స్నానాల గది తలుపు తీస్తే చాలు, తడిసి ఆరని గోనెసంచి వాసన గుప్పుమంటుంది. పైన మూల నల్లబూజు. బ్లీచింగు వేసి తోమితే రెండ్రోజులు కనబడదు, ఆ తర్వాత మాకంటే ముందే అద్దెకు దిగినదానిలా మళ్ళీ అక్కడే తిష్ట వేస్తుంది. నిన్న దాన్ని తిట్టుకుంటూ తోముతుంటే గజపతినగరం ఇల్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అదీ అద్దిల్లే. నాన్న మిషను బడిలో మాస్టారు. పక్క వాటాలో ఇంటాయన నాయుడు తాత, వరి పండించే రైతు. వానాకాలం వస్తే ఆ ఇంట్లో ఉప్పు నీరయ్యేది, అగ్గిపుల్ల వెలిగేది కాదు, అమ్మ కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే తినడానికి కొంతా ఒళ్ళు వెచ్చబెట్టుకోడానికి కొంతా నేనూ తమ్ముడూ చుట్టూ చేరేవాళ్ళం. స్నానాల గది కిటికీని మాత్రం తాత ఎప్పుడో ఇటికలతో మూయించేశారు. బూజు పెరిగేకొద్దీ తమ్ముడి గుండెల్లో పిల్లికూతలు పెరిగేవి. ఆ గదికి గాలి తగలకపోతే పిల్లాడు తేరుకోడని డాక్టరు గారు చెప్పేశారు.

అమ్మ ఎన్నిసార్లు అడిగినా తాతది ఒకటే మాట. "నైరుతి మూల బెజ్జం ఎట్టకూడదమ్మా. సున్నం కావాలంటే ఎంతైనా ఇస్తాను." అసలు నైరుతిలో స్నానాల గదే ఉండకూడదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చివరికి అమ్మ తెగించి, స్టూలెక్కి అట్లకాడతో పై వరసలో ఒక ఇటిక ఊడబీకింది. పెరట్లో తాత దగ్గు వినబడితే ఇటిక యథాస్థానంలో పెట్టడం నా పని. వారం గడిచేసరికి తమ్ముడు రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలెట్టాడు. ఓ రోజు తాత దగ్గు విని స్టూలెక్కాను కదా, బెజ్జం నిండా గడ్డి, గడ్డిలో పిచ్చుక. ఇటిక పెట్టడానికి చెయ్యి రాలేదు. ఈలోగా తాత గోడవతల నిలబడి పైకి చూస్తున్నారు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారని భయపడుతూనే అమ్మ పెరట్లోకి వెళ్ళింది.

"ఇటిక ఎవులు తీసినారు?"

"నేనే మావయ్యా," అంది అమ్మ.

"తీస్తే తీసినావు గానీ, మళ్ళీ ఎట్టకు. పిట్ట గూడెట్టుకున్నాది. దాన్ని తోలేస్తే ఇంటికి మంచిది కాదు."

అమ్మ ఊరుకోవచ్చుగా. "మరి నైరుతో?"

"మనం ఎడితే దోషం గానీ, పిట్ట ఎట్టుకుంటే ఏటి దోషం?"

ఆ క్రిస్మస్‌కి అమ్మ పంపిన బెల్లం పోకుండలు తిని, తాత కొత్త వరి కంకులు కుచ్చుగా కట్టి తెచ్చి ఆ బెజ్జం పక్కన తనే వేలాడదీశారు. బూజు చారికగా మిగిలి, సున్నం కింద కనబడకుండా పోయింది.

నిన్న తోమడం ఆపి, పావురాలు రాకుండా మాకు ముందున్నవాళ్ళు వెంటిలేటరుకు కొట్టిన పాత ఫ్లెక్సీని పీకేశాను. తాతా లేరు, ఆ ఇల్లూ లేదు, ఈ వీధిలో పిచ్చుకను చూసి ఎన్నాళ్ళయిందో. తమ్ముడికి ఫోను చేసి చెబితే పడీ పడీ నవ్వాడు, ఎక్కడా కూత లేకుండా.

"పిచ్చుక వచ్చిందేటే?" అన్నాడు.

"లేదురా. గాలొచ్చింది," అన్నాను.