అలివేలమ్మ గొంగడి దులిపిన చోటు

అలివేలమ్మ చేసిన ఆఖరి పని గొంగడి దులపడం.

రోహిణి కార్తె. మానవపాడు బాట మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటున్న రోజులు. కంచె లోపల సోలార్ పలకలు ఆకాశానికి మొహం పెట్టి బారులు తీరి ఉన్నాయి. వాటి నీడలో గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని ఎగపోస్తున్నాయి. అలివేలమ్మ మాత్రం ఎండలోనే ఉంది. నల్ల గొంగడిని రెండు కొసలా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, ఒక వరుస పొడుగునా నడుస్తూ ఫట్టుఫట్టున దులుపుతోంది.

సద్ది తెచ్చిన కూతురు సరోజ గేటు దగ్గరి నుంచే కేకేసింది.

"గా గొంగడి ఏం పాపం చేసిందే అమ్మా? సారు సూస్తె మల్ల మొత్తుకుంటడు, ప్లేట్ల మీద దుమ్ము పడుతదని."

"మొత్తుకోనీ. నా గొంగడి, నా దుమ్ము. గాలిదుమ్మును ఆపలేనోడు నా దుమ్మును ఆపుతడా?"

నీడలో కూర్చుని జొన్నరొట్టె తిన్నది. నీళ్లు తాగి, మిగిలిన నీళ్లతో మొహం తడుపుకున్నది. కట్టెతో ఆ చివరి వరుసల దిక్కు చూపి, "గవి రేపు సూస్త" అన్నది. మేపడం గురించే అంటున్నదనుకుంది సరోజ. సాయంత్రం మందను దొడ్డిలోకి తోలి, గొంగడి మడిచి గుంజకు వేసి, మంచం మీద వాలింది అలివేలమ్మ. తెల్లారి లేవలేదు.

ఊరు ఆమెను ఎప్పుడు తలుచుకున్నా గొంగడితోనే తలుచుకుంటుంది. నిజానికి అది ఆమె మొగుడు మల్లన్నది. రాయచూరు దిక్కు నుంచి కురుమోళ్లింటికి కోడలిగా వచ్చిన మనిషి అలివేలమ్మ. సరోజ ఇంకా బడికి పోతుండగానే మల్లన్న కాలం చేశాడు. దినాలు అయ్యీ కాగానే మరిది చిన్నయ్య వాకిట్లో గొంతుక్కూర్చుని మాట కదిలించాడు.

"వదినా, మందను నడుపుడు ఆడోళ్లతోని అయ్యే పనా? అమ్మేద్దం. నువ్వు సుఖంగ ఇంట్ల ఉండు."

అలివేలమ్మ గుంజకు వేలాడుతున్న గొంగడి తీసి, చిన్నయ్య ముందే ఒక్క దులుపు దులిపి, తల మీదుగా కప్పుకుని దొడ్డి తడిక తీసింది. వీధిలో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఎదురింటి సుగుణమ్మకు నోరాగలేదు.

"ఓయమ్మ, ఆడమల్లన్న పోతున్నడు సూడుండ్రే!"

"గొర్లు మల్లన్నయి, గొంగడి మల్లన్నది. కాళ్లొక్కటే నాయి. గవి అరిగినంక నీ కాళ్లిస్తువు తియ్యి, సుగుణమ్మా. ఎట్లైన అరుగు మీద ఖాళీగనె ఉన్నయి గద."

గొర్రెలను ఆమె పుట్టింటి భాషలో, రా రా అన్నట్టు, "బా, బా" అని పిలిచేది. మా ఊరి గొర్లకు కన్నడం నేర్పింది అని నవ్వేవాళ్లు. మేతకు పిలిస్తే ఏ భాషన్న తెలుస్తది అనేది.

ఆ ప్రాంతంలో కోతలైపోయాక రైతులు గొర్రెల కాపర్లకు కబురు పెడతారు, మా చేన్ల మంద ఆపమని. రాత్రంతా మంద చేలో పడుకుంటే చేనుకు ఎరువు. పగలు ఆ రైతు పడావు పడ్డ బీళ్లలో గొర్రెలకు మేత. ఎవరూ కాగితం రాసుకోలేదు, ఎవరూ మాట తప్పలేదు. ఊరి పడమటి మిట్ట అంతా అట్లా తాతల నాటి నుంచి మందల కాళ్ల కింద నలిగిన నేల.

రెండువేల పదహారులో ఆ మిట్ట ఒక సోలార్ కంపెనీ చేతికి పోయింది. ఇచ్చిన రైతులను అనడానికి లేదు. బోరు వేసిన చోటల్లా రాయి తగిలిన భూమి అది. కంచె లేచింది, ఇనుప కాళ్లు నాటుకున్నాయి, పలకలు ఎక్కాయి. మేత పోయిన కాపర్లు ఒక్కొక్కరే మందలను హైదరాబాదు లారీలకు ఎక్కించారు. అలివేలమ్మ మంద మాత్రం కంచె బయట బాట పొడుగునా ముళ్లకంప నాకుతూ తిరిగింది. పొదుగులు ఎండాయి. పిల్లలు తల్లుల వెంట నడవలేక కూలబడేవి. వాటిని గొంగట్లో వేసుకుని మోసేది.

వానలు పడ్డాక కంచె లోపల గడ్డి పలకల అంచు దాటి లేచింది. కంపెనీకి అది పగ. పలకల మీద నీడ పడితే కరెంటు తగ్గుతుంది. కూలీలను పెట్టి కోయించారు, మళ్లీ లేచింది. అప్పుడు గడ్డిమందు డబ్బాలు దిగాయి.

ఆ పొద్దు అలివేలమ్మ మందతో సహా వచ్చి గేటుకు అడ్డంగా కూర్చుంది. వాచ్‌మన్ బాలరాజు ఆ ఊరివాడే. కూలికి బొంబాయి దాకా పోయి వచ్చి, ఇన్నాళ్లకు ఇంటి దగ్గర నీడపట్టున కొలువు దొరికినవాడు.

"అలివేలక్కా, జర లెవ్వు. నా నౌకరి పోతది."

"నీ నౌకరి గొర్లు తినవురా బాలరాజూ. పోయి సారును పిల్సుకరా."

సారు అంటే సైట్ ఇంజనీరు గోపి. చెడ్డవాడు కాదు. పైవాళ్ల ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడే రకం.

"అమ్మా, ఇది కంపెనీ స్థలం."

"కాదన్ననా? స్థలం నువ్వే ఉంచుకో. గడ్డి నీకొద్దు, నాకు గావాలె. వద్దన్నదాన్ని మందు పోసి సంపుడెందుకు, నా గొర్లకు ఇడువు."

"వైర్లు కొరికితే?"

"గొర్రె దించిన తలకాయ ఎత్తదు సారూ. కిందున్న గడ్డి తప్ప దానికి లోకం తెల్వదు."

గోపి కాసేపు గడ్డి వైపు, కాసేపు డబ్బాల వైపు చూశాడు. ఒక్కరోజు చూద్దాం అన్నాడు.

ఆ ఒక్కరోజే కొంప ముంచింది. గొర్రెల మంద తనంతట తాను కొత్త చోటుకు అడుగు వేయదు. మెడలో గంటతో ఒక మేకపోతు ముందు నడిస్తే, దాని వెంట తల వంచుకుని పోతుంది. గొర్రెలు అన్నప్పుడు ఆ మేకపోతును వేరేగా చెప్పాలని కురుమోళ్లలో ఎవరికీ తోచదు. అలివేలమ్మకూ తోచలేదు. వాళ్ల మేకపోతు పేరు పట్వారి. ఎవరి చేనైనా తనదే అన్నట్టు చొరబడుతుందని మల్లన్న పెట్టిన పేరు.

పట్వారి గంట మోగించుకుంటూ గేటు దాటింది, మంద బుద్ధిగా వెంట నడిచింది. గోపి సంబరపడి ఫోనులో ఫొటోలు కూడా తీశాడు. అంతలో పట్వారి తల ఎత్తి పలకను ఒకసారి చూసింది. కింది అంచు మీద ముందు కాళ్లు వేసింది. ఒక్క ఎగురు ఎగిరి, టకటకా పై అంచు దాకా నడిచి, అక్కడ నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టింది. డెక్కల కింద అద్దం సాలెగూడులా చిట్లింది.

"గొర్రెలన్నారు గదా! ఇదేంటి?" గోపి గొంతు కీచుగా వచ్చింది.

"గది పట్వారి సారూ."

బాలరాజు నవ్వు ఆపుకోలేక టోపీతో మొహం కప్పుకున్నాడు.

ఆ పూటే మందను వెళ్లగొట్టి గేటుకు తాళం వేశారు. పొద్దు గూకేలోపు ఊరంతా ఒకటే నవ్వు. మర్నాడు చిన్నయ్య గొర్రెల బేరగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇగ సూడు వదినా. మేక ఉంటె సారు రానియ్యడు. మేక లేకుంటె మంద నడవది. అయిపాయె."

"ఏమైపాయె? నేను సచ్చిన్నా?"

పట్వారిని గుంజకు కట్టేసింది అలివేలమ్మ. దాని మెడలోని గంట విప్పింది. కొంగుతో తుడిచి తన మెడకు కట్టుకుంది.

"వదినా! పరువు పోతది. మేక గంట మెడకు కట్టుకుంటవా?"

"మొగుని గొంగడి కప్పుకున్న. మేక గంట కట్టుకుంట. రేపు అవసరమైతే నాలుగు కాళ్ల మీద నడుస్త. మందను మాత్రం ఇయ్య. బేరగాన్ని బాట దాంక పొయ్యి సాగనంపిరా పో."

ఆ తర్వాత పొద్దున్నే బాట మీద ముందు గంట కట్టుకున్న అలివేలమ్మ, వెనక బిత్తరపోయిన గొర్రెలు. అవి ఆమెను చూసేవి, ఇంటి దిక్కు చూసేవి, అరిచేవి. "బా, బా" అంటూ తల ఊపి గంట మోగించేది. బడిపిల్లలు వెంటపడి మే మే అని వెక్కిరించారు. "గట్టిగ అరువుండ్రి. గొర్లకు జర ఇనపడాలె" అన్నది వాళ్లతో. సరోజ మొదట తలుపు చాటున ఏడ్చింది. తర్వాత తనే వచ్చి మంద వెనక నిలబడి తోలింది. మెల్లమెల్లగా మంద కొత్త మేకపోతుకు అలవాటు పడింది.

మళ్లీ ఒక పొద్దున గేటు ముందుకు పోయి నిలబడింది.

"ఈసారి మేక లేదు సారూ. నేనే మేకను."

గోపి నవ్వకుండా ఉండాలని చూసి ఓడిపోయాడు. "ఈసారి ఎవరైనా పైకెక్కితే?"

"ఎక్కితే నేనే ఎక్కాలె. నా మోకాళ్ల సంగతి నాకెరుకలే, తాళం తియ్యి."

పలకల కింది అంచు ఆమె భుజాల దాకా ఉంది. గంట మోగిస్తూ నడుం వంచి లోపలికి నడిచింది. మంద వెంట నడిచింది.

"ఎవ్వలకు వంగనిదానివి వంగినవు గదక్కా" అన్నాడు బాలరాజు.

"ఇనుముకు వంగిన. నీ సారుకు గాదు."

రెండు మూడేళ్లు అట్లా సాగింది. లారీలకు ఎక్కకుండా ఆ ఊళ్లో మిగిలింది ఆమె మంద ఒక్కటే. ఆ తర్వాత ఎక్కడో కూర్చున్న పెద్ద సారుకు మళ్లీ గడ్డిమందు గుర్తుకొచ్చింది. గోపి సెలవులో ఉన్నప్పుడు కొట్టించేశారు. కొన్నాళ్లకు మిట్టంతా బోడిగుండైంది. వానలొచ్చినా అక్కడక్కడా రెండు పోచలు తప్ప లేవలేదు. మరుసటేడు ఎండాకాలం గోపి నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"గడ్డే లేదు గదమ్మా. ఇక గొర్రెలతో పనేముంది అంటున్నారు. ఈ వానాకాలం చూసి గేటు మూసేయమన్నారు."

"వాన పడనీ. అప్పుడు మాట్లాడుదం."

"పడితే?"

"భూమి ఊకుంటదా సారూ?"

ఆ ఏడు మొదటి వానకు పలకల మధ్య పిల్లిపెసర లేచింది. పెసర ఆకులాంటి ఆకు, నేలబారుగా అల్లుకునే తీగ. గొర్రెలు ప్రాణం పెడతాయి. పలకల ఎత్తుకు పోదు, కానీ వదిలేస్తే ఇనుప కాళ్లకు చుట్టుకుని వైర్ల మీదికి పాకుతుంది. గొర్రెలు కావాల్సిందే. గేటు మూసే మాట ఆగిపోయింది. పలకలు కడిగిన నీళ్లకు మొలిచిందన్నాడు గోపి. గొర్రెల పెంట్లోంచి వచ్చిన గింజలే అన్నాడు చిన్నయ్య. అలివేలమ్మ ఎవరి మాటనూ కాదనలేదు.

గొంగడి దులపడం ఆమెకు అలవాటుగా మారింది కూడా ఆ రోజుల్లోనే. వానలకు ముందు, ఎర్రటి ఎండలో, వరుస వరుసకూ తిరిగి దులిపేది. తనను వెళ్లగొట్టిన కంపెనీ నెత్తిన దుమ్ము పోస్తున్నదని ఊరు మురిసింది. దుమ్ము పడితే కరెంటు పడిపోతుందని గోపి బతిమాలేవాడు, ఒక్కోసారి అరిచేవాడు. ఆమె విని, మరో వరుసకు పోయి దులిపేది. ఇంత మొండితనం ఏంది తల్లీ అనుకునేది సరోజ, లోపల కొంచెం గర్వపడుతూ.

ఇప్పుడా మనిషి లేదు. దినాలు కాగానే చిన్నయ్య వచ్చాడు. వెనక బేరగాడు, పాతవాడి కొడుకు.

"బిడ్డా, మీ అమ్మ మొండిది, నడిపింది. నువ్వు మిషిన్ కుట్టుకునే పిల్లవు. నీతోని గాదు."

సరోజ గుంజ మీది గొంగడి తీసింది. తల్లి చెమట వాసన, గొర్రెల వాసన, ఎండ వాసన. వాకిట్లో పట్వారిని కట్టేసే గుంజ పక్కనున్న బండ మీద దాన్ని బాదింది. కళ్లు మూసుకుని, మొహం పక్కకు తిప్పుకుని, ఏడుపు ఆగేదాకా, చేతులు లాగేదాకా బాదింది. తర్వాత తల మీదుగా కప్పుకుంది. గంట మెడకు కట్టుకుంది.

"చిన్నాయినా, బేరగాన్ని వాపస్ పంపు. మందను ఇయ్యనని మా అమ్మ ఎప్పుడో చెప్పింది, మల్ల నాతోని చెప్పియ్యకు."

గేటు దగ్గర బాలరాజు తాళం తీశాడు.

మృగశిరకు వాన పడింది. వారం తిరక్కముందే పలకల మధ్య పిల్లిపెసర పచ్చగా కదిలింది. సరోజ గంట మోగిస్తూ ఆ పచ్చని తీగల మీదుగా మందను నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆగింది. అమ్మ ఆఖరిసారి గొంగడి దులిపిన వరుస అది. పచ్చదనం అక్కడిదాకే ఉంది. అవతలి వరుసల కింద ఎర్రమట్టి, వాన చుక్కల గుంటలు, ఇంకేమీ లేదు.

"వాన అంతట ఒక్కతీరే పడ్డది గద?" అన్నాడు బాలరాజు. "గిదేంది, గీత గీసినట్టు?"

సరోజ గంట మోగించి మందను వెనక్కి తిప్పింది. సాయంత్రం మందను తోలుకుని ఇంటికి వచ్చేసరికి, ముసలి పట్వారి తాడు బిగదన్ని, మెడ చాచి, బండ పక్కన ఏదో కొరుకుతోంది. బండ చుట్టూ పిల్లిపెసర గుబురుగా మొలిచి ఉంది. ఆ వాకిట్లో అంతకుముందు ఎన్నడూ మొలవనిది.

సరోజ గొంగడి విప్పి లోపలివైపు తిరగేసింది. రెండు కొసల్లోనూ నల్ల ఉన్నితో సంచుల్లా కుట్టిన చిన్న మడతలు, మూతి తెరిచి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే కుట్టులో ఇరుక్కుని ఇంకా ఒక పిల్లిపెసర గింజ ఉంది. తతిమ్మావి, ఆ చివరి వరుసలకని అమ్మ దాచినవి, తనే బండ మీద దులిపేసింది.