ఒర లేని పట్టా

ఆ రోజుల్లో ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. మా డిగ్రీ క్లాసులో సగం మందికి సెల్‌ఫోన్ రింగ్‌టోన్ల పిచ్చి, మిగతా సగానికి కంప్యూటర్ కోర్సుల పిచ్చి. నాకు మాత్రం కత్తుల పిచ్చి. కత్తులంటే తగాదాల్లో దూసేవి కావు (ఇంట్లో కోడిని కోస్తుంటే వీధిలోకి పోయి నిలబడే మనిషిని నేను), గోడకు వేలాడే పాతకాలపు కత్తులు. తల్లాడలో మా నాన్నకు పురుగుమందుల షాపు ఉండేది. డిగ్రీ కాగానే ఆ గల్లాపెట్టె వెనక కూర్చోవాల్సి వస్తుందేమోనని నేను దిక్కులు చూస్తున్న ఏడాది, పన్ను నొప్పితో ఖమ్మం వెళ్లి ఒక పెద్దాయన ముందు నోరు తెరిచాను. తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు. ఆయన కుర్చీకి ఎదురుగా గోడ నిండా కత్తులే. ఊళ్లో అందరూ ఆయన్ని కత్తుల డాక్టరు అనేవారు. పళ్ల డాక్టరుకు అంతకంటే చెడ్డపేరు ఇంకోటి ఉండదు గాని, ఆయన దగ్గర రద్దీ మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. ఆ రోజు పన్ను అక్కడ వదిలి పిచ్చి వెంట తెచ్చుకున్నాను.

ఇక ప్రతి ఆదివారం ఆయన దగ్గర పాఠాలే. నెలవంకలా వంగిన పర్షియా కత్తి, పిడి చివర గుండ్రటి బిళ్ల ఉండే మన తల్వారు, పాములా మెలికలు తిరిగిన జావా కత్తి, పిడి ఊడదీస్తే లోపల చేసినవాడి పేరు చెక్కి ఉండే జపాను కత్తి, ఒక్కొక్కటే నా చేతికిచ్చి కళ్లు మూసుకుని బరువు చూడమనేవారు. “ముందు తుప్పు చూడాలి. తుప్పు కత్తికి పుట్టినతేదీ. ఇటుకపొడితో తోమారో, సగం విలువ పోయినట్టే. తర్వాత ఒర ఉందా, అంచు ఎలా ఉంది, ఎన్ని తరాలుగా ఆ ఇంట్లో ఉంది, ఇవన్నీ అడగాలి” అనేవారు. అన్నీ ఉన్న ఆయన గోడ మీద ఒక్కటే లోటు, పట్టా. పూర్వం దక్కను రౌతులు వాడిన పొడవాటి కత్తి అది. పిడికి బదులు ఇనుప తొడుగు ఉంటుంది, అందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి పట్టుకోవాలి. “అడవి అంచు ఊళ్లలో ఒక్కటైనా దొరక్కపోదు. అది వెతికి పట్టుకున్నావంటే హైదరాబాదులో మ్యూజియం వాళ్లకు నీ ఉద్యోగం గురించి నేనే చెబుతాను” అన్నారు. పైగా ఒక జాగ్రత్త కూడా చెప్పారు. “ఊళ్లోకి పోయి కత్తి ఉందా అని మాత్రం అడక్కు. రోజులు బాగాలేవు. ఒకపక్క పోలీసులు, ఇంకోపక్క అన్నలు. నువ్వు ఎవరి మనిషివో తేల్చుకునేలోపు నీ పని అయిపోతుంది. పట్టా ఉందా అని అడుగు. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి అనుమానం రాదు.”

ఇప్పుడు మీకు వచ్చిన అనుమానమే ఆ రోజు నాకూ రావాలి. నేను రైతుల మధ్య పెరిగినవాణ్ణి. పట్టా అంటే ఏమిటో పాలు మరవకముందే తెలిసిన ఇంట్లో పుట్టాను. కానీ పిచ్చి పట్టినవాడికి లోకంలో ప్రతి మాటకూ ఒకటే అర్థం మిగులుతుంది. మా నాన్న మాత్రం “కత్తులు కూడు పెడతాయంట్రా” అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

ములకలపల్లి అవతల అడవిలో ఒక చిన్న గూడెంలో మా బావ ఒక్కడే టీచరుగా ఉన్న బడి ఉంది. వేసవి మొదట్లో ఆయన బండెక్కి అక్కడికి వెళ్లాను. ఎందుకు వస్తున్నావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నన్ను బడి ముందు దింపి “మండలంల మీటింగుంది, మధ్యాహ్నం వస్తా. నువ్వు ఊళ్లె తిరుగుతుండు, మంచోళ్లు” అని వెళ్లిపోయాడు. నేను ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, బూట్లు వేసుకుని, భుజాన సంచీ, మెడలో కెమెరా, చేతిలో కొలతల టేపుతో ఊళ్లోకి నడిచాను. కొంప ముంచింది ఆ వేషమే. అడవి భూములు దున్నుకునేవాళ్లకు సర్కారు పట్టాలిస్తుందన్న కబురు అప్పటికే గూడేలన్నీ తిరిగి వచ్చింది. సర్వే సారు ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని ఊరు ఊరంతా దారి కాస్తోందట. ఆ సంగతి తెలియని వాణ్ణి ఈ జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మొదటి ఇంటి ముందు ఒక అవ్వ ఇప్పపువ్వు ఎండబోస్తోంది. పలకరించి, గొంతు కాస్త తగ్గించి, “అవ్వా, మీ ఇంట్ల పాత పట్టా ఏమన్న ఉన్నదా” అని అడిగాను.

అవ్వ చెయ్యి అక్కడే ఆగిపోయింది. “పట్టానా? నువ్వు పట్టా కోసమే వచ్చినవా సారూ?”

“అవ్ అవ్వా, దానికోసమే ఇంత దూరం వచ్చిన.”

అవ్వ లేచి, కొంగు సర్దుకుని, ఊరి పెద్దను పిలిచింది. మంచం వాల్చారు, దుప్పటి పరిచారు, నీళ్లిచ్చారు. ఎవరో ఒక కోడి వెంట పడ్డారు. పాత ఆయుధాల మీద ఈ అడవి మనుషులకు ఎంత గౌరవం ఉందో కదా అని నా కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గాని.

“ఎప్పటిది అవ్వా?”

“మా మామ చేతిది. ఆయినకు వాళ్ల అయ్య ఇచ్చిండు. నేను ఈ ఊరికి కోడలుగ వచ్చేటాల్లకే ఉన్నది.”

మూడు తరాలు. నేను టేపు విప్పాను. “పొడుగెంత ఉంటది?”

“అగో, ఆ ఇప్పచెట్టు కాడికెల్లి వాగు దాకా.”

ఎంత పొడుగు కత్తయినా అంత ఉండదని నాకు తెలుసు. అయినా నా బుర్ర దానికీ ఒక దారి వెతికింది. పోలీసులకు భయపడి కత్తిని ఆ చెట్టుకూ వాగుకూ మధ్య ఎక్కడో పాతిపెట్టారన్నమాట. గొంతు ఇంకా తగ్గించి, “ఇది ఎవరికన్న తెల్సా” అన్నాను.

“తెల్వకేంది సారూ. నిరుడు ఫారెస్టోళ్లు వచ్చి బెదిరిచ్చిన్రు. ఇది మీది గాదు, ఇడిసిపెట్టున్రి అన్నరు. నేను ఇడువలే” అంది అవ్వ.

వీరవనిత అనుకున్నాను. వెంటనే డాక్టరు గారి పాఠం గుర్తొచ్చింది. “తుప్పు గిట్ల ఉన్నదా?”

“తుప్పలా? ఒక్కటి లేకుంట తీసినం. మొన్ననే నేనూ నా కోడలూ గొడ్డలి పట్టి మొదలంట కొట్టినం.”

గొడ్డలితో తుప్పు తీసిన మాట విని మంచం మీద కూలబడ్డాను. “తీయొద్దు అవ్వా. తీస్తే విలువ పోతది. ఎట్లున్నది అట్లనే ఉంచాలె” అన్నాను, ఏడుపు గొంతుతో. అవ్వ ఊరి పెద్దాయన ముఖం చూసింది. పెద్దాయన అనుమానంగా “తుప్పలుంటె సాగు చేస్తలేరంటరు గద సారూ. గీ కొత్త రూలు ఎప్పుడొచ్చింది” అన్నాడు. అప్పటికైనా నాకు తెలియాలి. కానీ నా మనసు అప్పటికే రెండో ప్రశ్న మీద ఉంది.

“పోనీ, ఒర ఉన్నదా?”

“ఒర ఏడిది సారూ. బాయే లేకపాయె. వాగు నీళ్లు మోసుకుంట బతుకుతున్నం.”

ఒర లేకపోవడానికీ బావి లేకపోవడానికీ సంబంధం ఏమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు (బావి లోపల దించే సిమెంటు చుట్టలను అక్కడ ఒరలంటారని తర్వాత బావ చెప్పాడు). తెలియలేదని ఒప్పుకుంటే సంగ్రహకుడి పరువు పోతుందని గంభీరంగా తల ఊపాను. “పదండి, చూద్దాం” అన్నాను. ముందు అవ్వ, వెనక నేను, నా వెనక పెద్దాయన, ఆయన వెనక సగం ఊరు. ఇప్పచెట్టు దాటగానే అవ్వ ఆగి “ఇగో, ఇదే” అంది. నాకు మట్టి తప్ప ఏమీ కనబడలేదు. “ఏడ?” అన్నాను. “నువ్వు నిలబడ్డది దాని మీదనే సారూ” అంది. పక్కకు గెంతి, బూట్లతో తొక్కినందుకు మనసులోనే లెంపలు వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టాను. వెనక పెద్దాయన “మట్టి చూస్తున్నడు” అని మెచ్చుకోలుగా అనడం వినబడింది. “ఎర్ర చెల్క సారూ. కందులు మంచిగైతయ్” అని ఆయనే నాకు సాయం కూడా వచ్చాడు.

మా బావ వచ్చేసరికి నేను మోచేతుల దాకా మట్టిలో ఉన్నాను. “ఏం జేస్తున్నవ్ రా బామ్మర్దీ?” అన్నాడు. “కత్తి బావా. పట్టా కత్తి. ఇక్కడే పాతిపెట్టారట” అన్నాను. ఆయన నన్ను చూశాడు, అవ్వను చూశాడు, జనాన్ని చూశాడు. సంగతి అర్థమై నవ్వబోయి, అవ్వ ముఖం చూసి ఆగిపోయాడు. ఆయనే వాళ్లకు మెల్లగా విడమరిచి చెప్పాడు, ఈ అబ్బాయి సర్కారు మనిషి కాదు, మా మామ కొడుకు, పాత కత్తులు వెతుక్కుంటాడు అని. నవ్వులు మొదలయ్యాయి. అవ్వ మాత్రం నవ్వలేదు. గట్టు మీద కూర్చుని, “అయితే పట్టా నువ్వు ఇయ్యవా” అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. కాళ్ల కింద భూమి చీలితే బాగుండుననిపించింది నాకు. పక్క చేను నిరుడు ఫారెస్టు వాళ్లు తీసుకుని మొక్కలు నాటారని, అవ్వ చేను తనదేనని సర్కారు రాసివ్వకపోతే ఇదీ పోతుందని, కొడుకు చనిపోయాక అవ్వా కోడలూ బతికేది ఈ చెల్క మీదేనని బావ నన్ను పక్కకు తీసుకెళ్లి చెప్పాడు. “సర్వే వాళ్లు నిజంగనే వస్తరు. వచ్చేటాల్లకు హద్దులు తెలిసేటట్టు చేను బొమ్మ గీసి పెట్టుకోవాలె. ఊరందరివీ నేనొక్కణ్ణే ఎక్కడ గీస్తా? ఎట్లాగూ టేపు తెచ్చినవ్. కత్తి లేకపోతే చేను కొలువు” అన్నాడు.

కొలిచాను. అది దర్జీల టేపు. దానితో చేను కొలవడమంటే చెంచాతో చెరువు తోడడమే. చివరికి పెద్దాయన కట్టెల మోపు కట్టే పొడుగు తాడు తెస్తే, టేపుతో తాడును కొలిచి, తాడుతో చేనును కొలిచాం. తాడు ఒక కొస అవ్వ పట్టుకుంది, అడుగు కూడా వదులుకోకుండా బిగించి. చెట్టు వైపు వెడల్పుగా మొదలై వాగు దగ్గరికి సన్నబడిన ఆ చేనును, డాక్టరు గారు కత్తిబొమ్మ గీయడం నేర్పిన పద్ధతిలోనే అంచులు, మొన, పిడి అంటూ గీశాను. గీసింది చూస్తే నిజంగానే కత్తిలా ఉంది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి “వాగు ఇంక జర అటు జరుగుతది” అని దిద్దించింది. ఇక పట్టుకున్న కోడిని ఏం చేయాలన్న సమస్య మిగిలింది. సర్కారు సారు కోసం పట్టిన కోడి, సారేమో ఉత్తుత్తి సారు. పెద్దాయన కాసేపు ఆలోచించి “సారు అబద్ధమైతే అయ్యిండు గని, ఆకలి నిజమే గద” అని తీర్పు చెప్పాడు.

తర్వాతి ఆదివారం ఖమ్మంలో ఇదంతా చెబితే డాక్టరు గారు నవ్వీ నవ్వీ కింది వరస ఊడి చేతిలో పడింది (పళ్ల డాక్టరువి కట్టుడు పళ్లని నాకు ఆ రోజే తెలిసింది). పళ్లు పెట్టుకుని, లోపలికి వెళ్లి, భూములు కొలిచే పొడుగు టేపు ఒకటి తెచ్చి ఇచ్చారు. ఆ వేసవి ఆదివారాలన్నీ నేను ఆ టేపుతో గూడెంలోనే గడిపాను. చేను తర్వాత చేను, బొమ్మ తర్వాత బొమ్మ. సర్వే వాళ్లు వచ్చిన రోజు అవ్వ వాళ్లకంటే ముందు నడిచిందట. ఎవరైనా హద్దు కాస్త లోపలికి వేయబోతే ‘బొమ్మల గట్ల లేదు’ అని ఆపిందట. బావ చెప్పాడు.

పట్టాలు రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాయని బావ ఫోను చేస్తే వెళ్లాను. అవ్వ ట్రంకు పెట్టెలోంచి, చీర మడతల మధ్య నుంచి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసింది. “ఫొటోల కండ్లు మూస్కున్న” అని కాస్త బాధపడింది. “మూసుకున్నా నువ్వేనని తెలుస్తనే ఉన్నది అవ్వా” అన్నాను. రెండు చేతులతో అందుకుని, అలవాటు కొద్దీ తిప్పి వెనక వైపు చూశాను, అంచులు చూశాను, వెలుతురుకు పట్టి చూశాను. అవ్వ కాసేపు ఓపిక పట్టింది. తర్వాత చెయ్యి చాపి “చూస్తివి గద, ఇగ తే. అమ్మేది గాదు” అంది.

మ్యూజియం ఉద్యోగం రాలేదు. మా నాన్న గల్లాపెట్టె వెనక ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. రైతులు తెచ్చిన ఆకు చూసి అది ఏ పురుగు పనో చెబుతాను, చాలాసార్లు సరిగ్గానే. ఎప్పుడైనా పాత స్నేహితులు వచ్చి, నీ కత్తుల పిచ్చి ఏమైంది, ఆ పట్టా ఎక్కడైనా దొరికిందా అని ఆటపట్టిస్తుంటారు. మోచేతుల దాకా మట్టి పూసుకుని, టక్ ఊడిపోయి, ఎర్ర చెల్కలో కత్తి కోసం తవ్వుతున్న ఆ కుర్రాడు కళ్ల ముందు మెదులుతాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. దొరికిందిరా, చేత్తో పట్టుకుని చూశాను కూడా అంటాను. మరి కొనలేకపోయావా అంటారు. ఆవిడ అమ్మనంది అంటాను.