కుప్పం రైలుకు ఎదురెళ్ళిన మునకవ్వ

ఆ కాలంలో మనుషులకు దేవుడి దగ్గర ఉన్న చనువు ఇప్పుడు పక్కింటివాళ్ళ దగ్గర కూడా లేదనిపిస్తుంది. మా అవ్వ అయితే పొయ్యి రాజుకోకపోయినా, బర్రె తన్నినా వెంటనే ఆయనకు చెప్పేది. (చెప్పడమంటే ప్రార్థన అనుకునేరు, సగం పోట్లాటే.) పాలమూరు వైపు మెన్నొనైటు క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగి, ఆసుపత్రి కాంపౌండరైన మా తాత వెంట మదనపల్లె వచ్చింది. ఆ సంఘంవాళ్ళు పారే నీళ్ళలో నిలువునా ముంచి బాప్తిస్మం ఇస్తారు, తుపాకి ముట్టరు, ఒట్టు పెట్టరు. మదనపల్లె చర్చిలో పిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం చూసి అవ్వ, "ఇదేం బాప్తిస్మమయ్యా, ఆకుకూర వాడకుండా నీళ్ళు సల్లినట్టుండాది!" అందట పాస్టరుగారితో. ఆయన మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు, ఆమెకు మునకవ్వ అని పేరు పెట్టింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నాకు పదేళ్ళుంటాయేమో. మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాయన, కుప్పంలో ఒక చింతపండు మండీలో పనిచేసేవాడు. ఒకరోజు అటునుంచి బస్సులో వచ్చినతను మా వాకిట్లో నిలబడి, "మునకవ్వా, మీ చిన్నోడు పటాలంలో చేరినాడు. రేపు సాయంత్రం రైలెక్కతాండాడు" అన్నాడు. అవ్వ చేతిలోని చేట జారి కిందపడింది. (నూకలన్నీ కోళ్ళ పాలయ్యాయి.) "శత్రువును ప్రేమించమని చెప్పి పెంచితే, తుపాకి పట్టుకోని యెట్లా ప్రేమిస్తాడంట వాడు?" అని రాత్రంతా గొణుగుతూనే ఉంది. మా నాన్నకు సెలవు దొరకలేదు. తెల్లారగానే రాగిరొట్టెలు మూట కట్టి, నన్ను వెంటేసుకుని బయల్దేరింది. నేనెందుకంటే, బస్సెక్కితే అవ్వకు వాంతులు. నిమ్మకాయ పట్టుకుని పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

పెట్రోలంతా మిలిటరీకి పోతుండటంతో అప్పటి బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల పొగలు కక్కే పెద్ద పీపా ఉండేది. ఎత్తు వచ్చిందంటే అందరూ దిగి తోయాల్సిందే. అలా తోసుకుంటూ పుంగనూరు చేరేసరికి, సంత వీధిలో బస్సు పూర్తిగా మొండికేసింది. "ఇంక రేపేనమ్మా" అన్నాడు డ్రైవరు. అవ్వ బస్సు ముందు నడివీధిలో మోకాళ్ళూని, కళ్ళు మూసుకుని, గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. సంతకొచ్చిన జనం మూగారు. వాళ్ళలో ఒక పెద్దావిడ, పాపం, ఈమె బస్సుకే మొక్కుకుంటోందనుకుంది. తనవంతు సాయంగా బస్సు దీపాలకు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టింది. అవ్వ "ఆమేన్" అని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా హారతి!

"అయ్యో, నేను మొక్కింది బస్సుకు కాదమ్మా!"

"యాల సిగ్గుపడతావు లేక్కా. యెవరికి మొక్కితే ఏముండాది, బండి కదిల్తే సాలు" అంటూ ఆవిడ ఒక టెంకాయ చిప్ప అవ్వ చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే ఇంజను గుర్రుమంది. జనం ఈలలు వేశారు. (పీపాలో కొత్త బొగ్గు వేశానని డ్రైవరు చెబుతూనే ఉన్నాడు, వినిందెవరు?) ఆ చిప్ప తినలేక, ఇచ్చినామె మనసు తలుచుకుని పారేయనూ లేక, అవ్వ కుప్పం దాకా ఒళ్ళో పెట్టుకునే వచ్చింది.

మేము స్టేషనుకు చేరేసరికి రైలు నిలబడి ఉంది, నిండా ఖాకీ చొక్కాలే. అవ్వ కిటికీ కిటికీకీ పోయి కొడుకును పిలిచింది. చివరికి చిన్నాయనే తల బయటపెట్టాడు. ఆయన చొక్కాలో ఇంకో మనిషికి చోటుంది.

"దిగురా."

"అమ్మా, సంతకం పెట్టేసినా. ఇప్పుడు దిగితే జైల్లో యేస్తారు."

"యెయ్యనీ. ఆడికే సంగటి తెచ్చిస్తా."

పెట్టెలోవాళ్ళంతా నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. "తుపాకి పని కాదమ్మా. దెబ్బలు తగిలినోళ్ళను మోసుకొచ్చే పని. నీ మీద ఒట్టు."

అవ్వ కిటికీలోంచి చెయ్యి పెట్టి చెంపమీద ఒకటిచ్చింది. "ఒట్టు పెట్టద్దని యెన్నితూర్లు చెప్పినా! అవునంటే అవునను, సాలు."

"అవునమ్మా."

"అవతలోళ్ళు పడినా మోస్తావా?"

రైలు కూత వేసింది. చిన్నాయన తల్లి మొహంలోకి చూసి, మెల్లగా, "అవును" అన్నాడు.

అవ్వ రొట్టెల మూట అందించింది. అది ఆయనకు అందకముందే పక్కవాళ్ళ చేతుల్లో సగం ఖాళీ అయింది. రైలు కదిలింది. అవ్వ దాంతోపాటు నడిచింది, తర్వాత పరుగెత్తింది. ఆమె పరుగెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే.

యుద్ధం అయిపోయాక చిన్నాయన తిరిగొచ్చాడు, ఒక చెవి వినపడకుండా. ఎవరెవరిని మోశాడో అవ్వ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రోజూ పొద్దుగూకే వేళకు వినపడే చెవి పక్కన చేరి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. అలా కొన్నాళ్ళే. తర్వాతి వానలకు జ్వరం తగిలి, మంచమెక్కి, వెళ్ళిపోయింది. పోతూ పోతూ కూడా దేవుడితో ఏదో వాదిస్తున్నట్టే పెదాలు కదిపింది.

ఇప్పుడు నా వయసు ఆమె వయసును దాటిపోయింది. పట్నంలో పుట్టిన నా మనవరాలు నా మాట దిద్దుతుంటుంది: "ఉండాది కాదు నానమ్మా, ఉంది." సరే తల్లీ అంటాను గానీ దిద్దుకోను. ఆ మాట మాట్లాడే మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, "అవ్వా, యాడుండావే?" అని పైకే అంటాను. అచ్చం ఆమె గొంతే పలుకుతుంది. ఉలిక్కిపడి, ఎవరైనా విన్నారేమోనని వీధి తలుపు వైపు చూసి, ఈ ముసలిదానికి మతి పోయిందని నన్ను చూసి నేనే నవ్వుకుంటాను.